అరగంట

ఉమ్మి పట్టే గొట్టం
చెంచాల సొరుగులో మూడు వారాలుగా పడుకుని ఉంది.
నీలం మూత. పక్కన నా పేరు:
సోల్‌రూన్, హాల్గ్రిమ్ కూతురు.
మా ఐస్‌లాండ్‌లో ఇంటిపేర్లుండవు,
నాన్న పేరే తోకలా వెంట వస్తుంది.
ఇంకేం వెంట వచ్చిందో చెప్పడానికే ఆ గొట్టం.

అరగంట ముందు నుంచీ
ఏమీ తినకూడదు, తాగకూడదు అని
కాగితంలో రాసుంది.
అందుకే కాబోలు
ప్రతి అరగంటకీ ఏదో ఒకటి నోట్లో పడాలి నాకు.
కాఫీ. వెన్న రాసిన ఎండుచేప ముక్క.
నిన్న రాత్రి రెండింటికి, నిలబడే,
స్వాలా వదిలేసిన పెరుగు.

నాన్నకి రొమ్ములో గడ్డ.
మగవాడికి రొమ్మేమిటని పడవలో వాళ్లు నవ్వుతారని
రెండు చలికాలాలు ఉన్ని స్వెట్టర్ కింద దాచాడు.
ముప్ఫై ఏళ్లు చేపల పొట్టలు కోసి
లోపలివన్నీ చూసిన మనిషి
డాక్టరు ముందు చొక్కా విప్పలేకపోయాడు.

చెల్లి స్టేనున్ పరీక్ష చేయించుకుంది.
ఫోన్‌లో "ఉంది" అంది,
డబ్బాలో చక్కెర ఉందా అంటే చెప్పినట్టు.
తర్వాత ఇద్దరం మంచు గురించి మాట్లాడుకున్నాం.
దానికి ఉంటే నాకుండదేమోనని
ఒక్క క్షణం లెక్కేసుకున్నాను,
బొమ్మ దానికీ బొరుసు నాకూ పంచినట్టు.
ఆ లెక్క తప్పని తెలుసు.
ఆ క్షణం సంగతి మాత్రం దానికెలా చెప్పను?

"తొందరేం లేదు" అంది డాక్టరమ్మ.
ఆ తొందర లేకపోవడమే నిద్రపోనివ్వడం లేదు.
స్నానం చేస్తుంటే
చేతులు వాటంతటవే వెతుకుతాయి,
సొంత ఇంట్లో, దీపం వెయ్యకుండా,
దొంగ కోసం వెతికినట్టు.

మా ఊరి చుట్టూ కొండలు.
రెండు నెలలు సూర్యుడు వాటిని దాటి పైకి రాడు.
లేడని కాదు, వెనకాలే ఉంటాడు.
జనవరి చివర్లో ఒక రోజు
వీధి గోడ మీద అరచెయ్యంత వెలుగు పడితే చాలు,
ఊరంతా కాఫీ కాచుకుని
పల్చటి తీపి అట్లు పోసుకుంటుంది.

ఇవాళ పడింది.
"వచ్చాడు, వచ్చాడు!" అని
బూట్లతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది స్వాలా.
తొమ్మిదేళ్లు. అవే వంగిన భుజాలు,
నాన్నవి. నావి.

మొదటి అట్టు తనే పోసింది.
ఒక పక్క మాడింది.
చక్కెర చల్లి, చుట్టి, నా ముందు పెట్టి
"తినమ్మా, చల్లారిపోతుంది" అంది.

సొరుగు వైపు చూశాను.
గోడ గడియారం వైపు చూశాను.

అరగంటాగి తింటానన్నాను.