ఇరవై కిలోల లోపు

ఆ కుక్కంటే నాకేమంత ఇష్టం లేదు, ముందే చెప్తున్నాను.
పదకొండేళ్లలో నా బంగాళాదుంపల మడిని
నాలుగుసార్లు తవ్విపోసింది.
పోస్టుమనిషిని చూసి తోకాడించేది,
నన్ను చూసి మొరిగేది.
పేరు హల్ల. మా భాషలో
పంటని రాత్రికి రాత్రి మాడ్చేసే మంచుకి ఆ పేరు.
పేరుకి తగ్గదే.

అయినా గునపం పట్టుకెళ్లింది నేనే.
ఇర్యా పెరట్లో, బిర్చి చెట్టు పక్కన,
మోకాలి లోతు మంచు ఎత్తిపోశాక
మొదటి పోటుకి నిప్పురవ్వ లేచింది,
రెండో పోటుకి నా భుజం పట్టేసింది.
ఫిబ్రవరిలో కాయాని ఊరి నేల
మనిషికే నోరు తెరవదు,
కుక్కకి తెరుస్తుందా?

"ఏప్రిల్ దాకా గరాజులో ఉంచు, పాడవదు" అన్నాను.
ఆమె చూసిన చూపుకి
నోరు మూసుకుని కారు తాళాలు వెతుక్కున్నాను.

నలభై కిలోమీటర్లు. ఎవరం మాట్లాడలేదు.
హీటరు ఆపమంది ఒక్కసారి, వెనక సీటు కోసం.

కౌంటరులో పిల్ల, ముక్కుకి రింగు,
బ్యాడ్జీ మీద పిహ్లా అని ఉంది.
విడిగానా, అందరితో కలిపా?
బూడిద ఇంటికా, ఇక్కడి అడవిలోకా?
అట్టపెట్టా, చెక్కపెట్టా?
ప్రతి ప్రశ్న తోకకీ ఒక అంకె వేలాడుతోంది.
ఇర్యా విడిగా అంది. ఇంటికి అంది.
చెక్క దగ్గర కాస్త ఆగి, అట్ట అంది.

తర్వాత కాటా.
పద్దెనిమిది కిలోల ఆరొందలు.
"మీ అదృష్టం, ఇరవై లోపే. తక్కువ రేటు" అంది పిల్ల.
అన్నాక ఆ మాట తనకే వినిపించి
చెవుల దాకా ఎర్రబడింది.

"ముప్పై ఒకటి అని రాయమ్మా" అంది ఇర్యా.
"కాటా చూపించిందే..."
"మిగతా పన్నెండు కిలోల చిల్లరా
ఈ ఆకురాలు కాలంలో నా కళ్ల ముందే పోయింది,
వదిలేసిన ముద్దకి ముద్ద చొప్పున.
అది హల్ల కాదా?"

ముప్పై రెండేళ్లు బడి వంటింట్లో
మూడొందల మంది పిల్లలకి వడ్డించిన చెయ్యి అది,
తూకంలో ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

కంప్యూటరు మాత్రం కాటా మాటే వింటుందట.
మా వెనక బూట్ల పెట్టెలో కుందేలుతో ఒకాయన
నేలని చూస్తూ నిలబడ్డాడు.
ఇర్యా ఉన్ని శాలువా తీసి హల్ల మీద కప్పింది.
పంతొమ్మిదీ రెండొందలు.
మేజోళ్లు విప్పబోతే నేను ఆపాను.

నాకేం పట్టిందో తెలీదు. బయటికెళ్లి డిక్కీ తెరిచాను.
చెల్లెలికి ఇద్దామని పెట్టుకున్న గోనెసంచి, నా మడి పంట.
ఒక్కొక్క దుంపా శాలువా మడతలో పెడుతుంటే
పిల్ల నియమాల కాగితం పైనుంచి కిందికి చదివింది.
"ఇనుము వద్దు, ప్లాస్టిక్ వద్దు...
దుంపల గురించి ఏమీ రాయలేదు."

ఏడో దుంపకి ఇరవై దాటింది.
"చాలు టౌనో" అంది ఇర్యా.
ఎనిమిదోది నా కోటు జేబులోనే ఉండిపోయింది.

ఎనభై ఐదు యూరోలు ఎక్కువ,
పింఛను లోంచి మూడు వాయిదాలు.
ఎక్కువ కట్టడానికి ఇంత పాటుపడ్డవాళ్లని
నేనెక్కడా చూడలేదు. దుంపలు పోయింది నావి.

మే నెల్లో నేల కరిగింది.
ఇర్యా అట్టపెట్టె పట్టుకుని కంచె దగ్గరికొచ్చింది,
ఏమీ అడగలేదు.
మడిలో తూర్పు మూల, ఆ కుక్క ఎప్పుడూ తవ్వే చోటు,
ఆ మూల ఈసారి నేను విత్తనం పెట్టలేదు.
"అక్కడైతే దానికి దారి తెలుసు" అన్నాను.

మూడో వాయిదా గడువు ఆ రోజే.
బ్యాంకు నాలుగింటికి మూసేస్తారు.
చేతుల మట్టి కడుక్కోకుండానే బయల్దేరాం.