వెల్లుల్లి చప్పుడు

పాయలు మూడు, అంది ల్వాన్.
నేను నాలుగు తీశాను.
నలభై ఏళ్ల కాపురంలో
తనకి తెలియకుండా చేసిన పనులు
వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదొకటి.

కత్తి బద్దతో నొక్కితే రెబ్బ చిట్లింది.
పొట్టు వేలికంటుకుని ఊడి రానంది.
ట్రాముల షెడ్డులో ముప్పై ఏళ్లు
బ్రేకులు విప్పి బిగించిన చేతులివి.
నూకల్లా తరగమంటే
బోల్టులు పోసినట్టు పోశాయి చెక్క మీద.
ల్వాన్ చూసింది. ఏమీ అనలేదు.
అనకపోవడం కొత్త.

పోయిన చలికాలం జ్వరమొకటి వచ్చి
పోతూ పోతూ
తన ముక్కులోంచి వాసనలు పట్టుకుపోయింది.
మొదట కాఫీ పోయింది. తర్వాత సబ్బు.
ఒకరోజు పాలు పొంగి, అడుగంటి, మాడి
వంటిల్లంతా కమ్ముకున్నా
పక్కనే నిలబడి ఉంది, కిటికీ వైపు తిరిగి.
శాన్‌ఫ్రాన్సిస్కో పడమటి కొసన మా వీధి.
సముద్రం మీంచి ఎప్పుడూ మంచు దిగుతూనే ఉంటుంది.
అదే అనుకున్నాను, అంది.
ఆ రోజు నుంచి గరిట ముట్టలేదు.

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.
వేసింది స్పాగెట్టీ, ఇటలీవాళ్లది.
వెన్న, ఫ్రెంచివాళ్లు సైగాన్‌లో మరిచిపోయి వెళ్లింది.
చేపల సాస్ ఒక్కటే మాది.
సీసా మూత తియ్యగానే
సోఫా మీద పిల్లి లేచి కూర్చుంది.
పిల్లిని చూసి ల్వాన్ అంది: "తీశావా?"

వెన్న కరిగాక వెల్లుల్లి జారవిడిచాను.
"మంట తగ్గించు."
కుర్చీలో కళ్లు మూసుకుంది,
దూరపు స్టేషనేదో రేడియోలో పట్టుకుంటున్నట్టు
తల కాస్త పక్కకి వంచి.
"ఇంకా తడిగా మాట్లాడుతోంది. ఉండు."
నాకు వినపడేది ఒకటే చిటపట.
"గొంతు సన్నబడింది. కలుపు."
కలిపాను.
"కలపకు."
ఆపాను.
"ఇంకో మూడు ఊపిర్లు."
తను తనవి లెక్కపెట్టుకుంది, నేను నావి.
నావి తొందరవి.
"దించు!"

చూస్తే మూకుడులో
దోరగా, లేత తేనె రంగు.
ఒక్క ముక్కా మాడలేదు.
షెడ్డులో నేనూ ఇంతే.
చక్రం వేసే కూతని బట్టి
ఏ బేరింగు అరిగిందో చెప్పేవాణ్ని.
ఆ సంగతి తనకెప్పుడూ చెప్పలేదు.
ఇంటికొచ్చేసరికి అన్నం వడ్డించి ఉండేది,
తినేవాణ్ని.

ఆయిస్టర్ సాస్ చెంచాడు, చక్కెర చిటికెడు,
ఉడికించిన నీళ్లు అరగరిటె.
నూడుల్స్ వేసి పటకారుతో తిప్పితే
ఒక్కో పోగూ
తలంటు ముందు నూనె పట్టించిన పిల్లల జుట్టులా మెరిసింది.
గట్టి చీజు తురిమాను, వేలు కూడా కాస్త.

తను తింది.
"ఉప్పుంది. తీపుంది. జారుతోంది."
ఆగింది.
"అంతే."
ఆ మాటని బల్ల మధ్య పెట్టుకుని
ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

తలుపు మీద చిన్న చప్పుడు.
పై అంతస్తు ఫెర్మిన్, తొమ్మిదేళ్లవాడు.
అమ్మ చక్కెర అడగమంది, అన్నాడు.
చేతిలో గిన్నె లేదు.

ల్వాన్ వాణ్ని కూర్చోబెట్టి, ప్లేటు ముందుకు జరిపి,
పైన చెయ్యి అడ్డం పెట్టింది.
"ముందు చెప్పు. వాసన ఎలా ఉంది?"

వాడు ఆవిరిలోకి ముక్కు దింపాడు.
పరీక్ష రాస్తున్నట్టు ఆలోచించాడు.
"మా గుమ్మం దగ్గర చాలా కోపంగా ఉంది.
మెట్లు దిగుతుంటే మెత్తబడింది.
ఇక్కడేమో... నాన్నకి ఓవర్‌టైం డబ్బులొచ్చిన
రాత్రిలా ఉంది."

ల్వాన్ చెయ్యి తీసేసింది.
తన ప్లేటు కూడా దగ్గరకి లాక్కుంది.
వాడు తినడం చూస్తూ,
నా వైపు తిరక్కుండానే అంది:
"పాయలు నాలుగేశావు కదూ."