గుండం ఇంకా కనబడలే

ఏడున్నరకు నిలబడ్డం.
ఇప్పుడు పదకొండు దాటింది.
జియాగూడ గల్లీ మలుపుల
మూతబడ్డ ఇస్త్రీ డబ్బాకు ఆనుకొని
నేను, ఒకుమురా సారు,
మా ముందర వీపులు.
వీపుల ముందర వీపులు.

సారు మా బాలానగర్ కంపెనీల
కొత్త ప్రెస్సు మిషను బిగించనీకి వచ్చిండు.
నా బ్యాడ్జి మీద పేరు కూడబలుక్కొని
సైదులు అంటే ఏందని అడిగిండు.
వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్ల చెప్పిన:
నాకంటె ముందు ఇద్దరు పుట్టి పోయిన్రు సార్.
మూడోసారి అమ్మ పీర్లకు మొక్కింది.
నేను ఆగిన.
పేరు నాది కాదు, మొక్కుది.

"నిప్పు ఉంటదా?" అన్నడు.
ఉంటది సార్, గుండం నిండ.
"అయితే నేనూ వస్త."

జేబుల దస్తీ మూట ఉన్నది.
మా చిన్నదాని వేళ్ళ మీద ఉలిపిరికాయలు.
బళ్ళె పక్కపిల్ల చెయ్యి పట్టుకోనిస్తలేదట.
గుండంల ఉప్పేస్తే రాలిపోతయంటే
ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం మూసి నవ్వింది.
నవ్వి,
వంటింట్లకు పొయ్యి
లెక్కబెట్టి ఏడు గల్లలు ముడేసిచ్చింది.

సన్నగ తుంపర.
ఒకాయన ముందుగాల భుజాన్ని పంపి
ఎనక మనిషిని పంపుతున్నడు.
"జర జరుగు భాయ్" అంటడు, జరగనీకి జాగేది?
ఎవరో ఆమె చంకల పిల్ల
నా చెవి పట్టుకొని నిద్రపొయ్యింది.
ఇడిపిస్తే లేస్తదని మెడ వంచే నిలబడ్డ.
కానిస్టేబుల్ తాడు పట్టుకొని అరుస్తున్నడు,
తాడు కూడ జనంతోని పాటు నడుస్తున్నది.

"మా కొండ ఊర్ల ఇట్లనే" అన్నడు సారు.
ఏడాదికొక్క రాత్రి, అక్టోబర్ల.
చిన్న రైలు, ఒక్కటే పట్టా,
ఎక్కనీకి మూడు గంటలు.
దిగినంక తాడు. తాడెంబడి నడవాలె, ఆగొద్దు.
మనిషికంటె పొడుగు దివిటీలు
మోకాళ్ళ మీదికి నిప్పులు రాలుస్తుంటె
మోసుకొస్తరట పిల్లగాండ్లు.
చూసినవా సార్?
"ఆరేండ్లప్పుడు, మా నాయన భుజాల మీదికెళ్ళి."
అటెన్క?
"అటెన్క నలభై ఏండ్లు
ముందటాయన టోపీ చూసిన."
జర సేపాగి,
"మంచి టోపీలు" అన్నడు.

డప్పు మోగింది.
అస్సోయ్ దూలా!
గల్లీ మొత్తం ఒక్క ఊపిరి పీల్చింది,
ఆ ఊపిరిల నా కాళ్ళు నేలకు అందలే.
చెప్పు ఒకటి ఎటో పొయ్యింది.
అందరి తలల మీదికెళ్ళి ఎండి చెయ్యొకటి,
మెడ నిండ దట్టీలు,
లేసింది, తిరిగింది,
ఎత్తిన ఫోన్ల నడుమ మాయమైంది.
ఎదురుగోడ ఎర్రబడ్డది.
గోడ మీది ట్యూషన్ల బోర్డు ఎర్రబడ్డది.
సారు కండ్లద్దాల్ల రెండు చిన్న గోడలు.
వేడి ముఖానికి తగుల్తున్నది గని
గుండం కనబడ్తలే.

ఇంక ముందుకు పోలేం.
దస్తీ తీసి పట్టుకున్న, ఏం జెయ్యాల్నో తెల్వక.
పిల్ల తల్లి చూసింది.
"ఉప్పా? ఇటియ్యి."
ఆమె చేతులకెళ్ళి నీలం అంగీ చేతులకు,
అక్కడికెళ్ళి మట్టిగాజుల చేతులకు,
ఇంకో ముసలి చేతులకు, ఉంగరం చేతులకు,
గుండం ఎవరిదని అడగకుంట, మూట ఎవరిదని అడగకుంట
తలల మీద తేలుకుంట పొయ్యింది.
మలుపు కాడ కండ్లకు ఆనలే.

పడ్డదో, కాళ్ళ కింద పడ్డదో.
రేపు పొద్దుగాల చిన్నది అడుగుతది.

అప్పుడు ఇనబడ్డది.
చిటపట.

సారు చెయ్యి పైకి లేపి
ఒక్కొక్క చప్పుడుకు ఒక్కొక్క వేలు మడుస్తున్నడు,
వాళ్ళ భాషల, పెదవులల్ల,
మిషను నట్లు లెక్కబెట్టినట్టు.
ఏడు కాంగనే ఆపిండు.
నా దిక్కు చూసి తలూపి
చెయ్యి జేబుల పెట్టుకున్నడు.

చిటపటలు ఇంకా ఆగలే.