నూటపది

పోసిబాబు ఊపిరితిత్తులు
గాజు గుమ్మటం కింద ఉన్నాయి.
ధవళేశ్వరం ఎగువన పడవ మీంచి
బకెట్టుతో మునిగి
ఏటి అడుగున ఇసుక తోడినవి.
మొన్న రాత్రి వేమగిరి సెంటర్లో లారీ.
తలకే దెబ్బ. ఛాతీ మీద గీత కూడా లేదు.

అయినా నీరు పట్టాయి.
పెద్ద డాక్టరు పెదవి విరిచాడు.
తడిసిన దిండులా ఉన్నాయి,
మిషనెక్కించి చూద్దాం అన్నాడు.

నా పని ఆ మిషను.
పంపు తిప్పి మందునీళ్ళు మెల్లగా పోనిస్తాను,
చంటిదాని స్నానానికి కాచినట్టు వెచ్చబెడతాను,
అప్పుడు గాలి.
నిమిషానికి ఏడుసార్లే.

బయట బల్ల మీద నూకరత్నం,
సంతకం పెట్టినావిడ.
"ఎంతసేపండీ?"
"నాలుగు గంటలు పట్టొచ్చు."
వేళ్ళకేసి చూసుకుంది.
"నేను నూటపది దాకా లెక్కెట్టేదాన్నండి.
నూటపదికి తాడు లాగేదాన్ని.
ఒక్కసారి నూటముప్ఫై అయ్యింది,
పైకొచ్చాక ఎంత తిట్టానో."

మూడో గంటకి నీరు దిగింది.
మచ్చలు పోయి
ఉడికీ ఉడకని రొయ్య రంగు తేలింది.
గొట్టంలోకి కెమెరా దించినప్పుడు
ఇసుక రేణువేమైనా ఉందేమోనని వెతికాను.
లేదు.

కింది అంతస్తులో ఒకావిడ,
అంబాజీపేటలో ఇరవయ్యేళ్ళు పీచు దుమ్ము మింగినావిడ,
ముక్కున గొట్టంతో
కూర్చునే నిద్రపోతోంది.
ఆ పేరు నూకరత్నానికి చెప్పకూడదు.

డాక్టరు గాలి ఆపి చూశాడు.
రెండూ ఒక్కసారే చక్కగా కుంగాయి.
తలూపాడు.
ఐసుపెట్టె లిఫ్టులో దిగిపోయింది.

బయటికొచ్చాను.
నూకరత్నం పెదాలు కదుల్తున్నాయి.
ఎంత దాకా వచ్చిందో
అడగలేదు.