నాలుగు బస్తాలు

రాత్రి షట్టరు దించాక, ఎవరూ చూడకుండా
బియ్యం తూచే కాటా ఎక్కాను.
నూట నాలుగు.
ఇరవయ్యారు కిలోల సోనామసూరి లెక్కన
సరిగ్గా నాలుగు బస్తాలు.

మారతహళ్ళికి వచ్చిన కొత్తలో
లారీల మీంచి దించిన బస్తాలకు లెక్క లేదు.
ఎంత బరువెత్తినా
ఎక్కడో ఒకచోట దించే జాగా ఉండేది.
ఇవి మోకాళ్ళ మీద కూర్చున్నాయి.
"ఒక బస్తా దించెయ్ మాలకొండయ్యా"
డాక్టరు ఇలా అనలేదు,
ఆయన భాషలో ఏదో అన్నాడు, నాకిలా అర్థమైంది.

అప్పట్నుంచి ఒకటే పూట.
సాయంత్రం నాలుగింటికి, మెస్సు ఖాళీ అయ్యాక.

అమ్మ మాలకొండ సామికి
శనివారం ఒక్కపొద్దు ఉండేది.
ఆ మొక్కుకి పుట్టానని ఈ పేరు.
ఆమెకు వారానికి ఒక శనివారం,
నాకిప్పుడు ఏడు.
ఏడింట్లో ఒక్కదానికీ సామి లేడు.

రెండొందల మందికి వండేవాడి ఆకలి ఎట్లా ఉంటుందో
మీలో ఎవరికైనా తెలుసా?
ఆరింటికి ఉల్లిపాయ వేగుతుంది.
ఏడింటికి గోంగూర మగ్గుతుంది.
ఎండుమిరపకాయ నూనెలో నల్లబడే ఆ చిటికెలో
ముక్కుతో ఒక ముద్ద తినేస్తాను.
పదకొండింటికి పప్పు మీద తిరగమోత చుయ్యిమంటే
లోపల పేగు "వస్తున్నా" అని లేస్తుంది.
దానికి చెంబెడు నీళ్ళు పోసి కూర్చోబెడతాను.

"ఒంటిపూట తింటే యోగి గదా బాబాయ్" అంటారు కుర్రాళ్ళు
రెండోసారి పెరుగు అడుగుతూ.
యోగి గరిటె పట్టుకోడు రా అబ్బయా.

ఉప్పు చూడటం దగ్గరొచ్చింది చిక్కు.
నాలిక మీద చుక్క వేసుకుంటే ఒక్కపొద్దు చెడుతుందా?
చెడదంది రవణమ్మ.
చుక్క తర్వాత గరిటె, గరిటె తర్వాత గిన్నె,
నా సంగతి నాకు తెలుసు.
కొప్పళ నుంచొచ్చిన సిద్దప్పకి అప్పగించాను ఆ పని.
వాడు చారు చప్పరించి "కమ్మి అణ్ణా" అన్నాడు.
వాళ్ళ మాటలో తక్కువ అని.
ఆకలి చెవికి కమ్మగా అని వినపడింది.
ఆ రోజు మెస్సు మెస్సంతా చప్పిడి చారు.
సగం మంది గ్లాసులు అట్లానే వదిలేశారు.
ఒక్కడు మాత్రం మూడుసార్లు పోయించుకున్నాడు.

వాడు రోజూ మూడూ నలభైకి వస్తాడు,
సగం దిగిన షట్టరు కింద వంగి.
జమ్మలమడుగు వైపు. ఓబులేసు.
ఏదో కోర్సు అయిపోయింది, ఉద్యోగం ఇంకా కాలేదు.
గడియారం వంక చూసే చూపు
అచ్చం నాదే. అక్కడ పట్టుకున్నాను.
"రాత్రికేం తింటావు?"
"ఒకటే పూటన్నా."
"డాక్టరు చెప్పాడా?"
"లేదు. లెక్క చెప్పింది."
మళ్ళీ అన్నం బేసిన్ వైపు చెయ్యి చూపించాడు.

యాభయ్యో రోజు కాటా ఎక్కాను. తొంభై ఒకటి.
సగం బస్తా దిగింది!
ఎవరికి చెప్పాలో తెలీక వాణ్ణే పిలిచి చూపించాను.
వాడూ సరదాకి ఎక్కాడు, చెప్పులతో సహా.
నలభై తొమ్మిది.
రెండు బస్తాలకి కూడా తక్కువ.
వాడు నవ్వాడు.
నేను కాటా పాడైందన్నాను.

ఇప్పుడు ఒకే బల్ల, ఎదురూ బొదురూ.
నా పళ్ళెంలో కొలిచిన అన్నం,
పప్పు, దోసకాయ ముక్కలు,
నేతిగిన్నె మాత్రం వాడి వైపు.
ఇద్దరం మాట్లాడం. రోజంతా దాచుకున్న నోళ్ళు,
మాటలకి ఖర్చుపెట్టబుద్ధి కాదు.

నిన్న ఉండబట్టలేక అడిగాను:
"ఉప్పు సరిపోయిందా?"
"కమ్మగా ఉందన్నా" అన్నాడు తలెత్తకుండా.

నాకు కమ్మి అని వినపడింది.
లేచి ఇంకో గరిటె వేశాను.