ఇంకొకరి చెంప

గుంతకల్లు డీజిల్ షెడ్డులో
పదకొండేళ్లుగా ఇనుముకు నునుపు నేర్పుతున్నాను.
సాయంత్రం చేతుల గ్రీజు కడుక్కున్నాక
ఇన్‌స్టిట్యూట్ వెనక రేకుల హాలు,
పది మీటర్ల అవతల ఒక కాయితం,
కాయితం నడుమ చుక్క.
ఆవగింజ దానికి పెద్దమ్మ.

నా చేతిలోది క్లబ్బు రైఫిల్.
అందరి భుజాలూ ఎక్కి ఎవరిదీ కానిది.
నాకంటూ ఒకటి ఉండాలనుకున్న రోజు నుంచి
నిద్ర రెండు ముక్కలైంది.

ఒక ముక్క దస్తగిరి కొట్టులో.
"అంత దుడ్డు ఎందుకు తగలేస్తావక్కా?
పాత గొట్టమొకటి ముప్పైకి తెచ్చుకో,
కట్టె పని నాది."
కండెమ్ చేసిన పెట్టె కిటికీ టేకు చూపించాడు.
గోరుతో గీకితే ఇంకా నూనె వాసన.
ఎన్ని మోచేతులు ఆనుకున్నాయో దాని మీద
మద్రాసుకో బొంబాయికో పోతూ.

రాత్రి డ్యూటీ చార్టు వెనక లెక్క రాశాను.
గొట్టం ముప్పై వేలు. కట్టె రెండు.
కూలి "నీ ఇష్టమక్కా" అన్నాడు, అంటే నాలుగు.
గురి చూసే కన్నం పదకొండు.
చెంప ఆనే పలక, పలకను జరిపే మర,
భుజానికి కొక్కెం, కొక్కేనికి ఇంకో మర.
గోచి కోసం పిల్లి, పిల్లి కోసం ఆవు.
కింద గీత గీసేసరికి
చవక కాస్తా డెబ్బై దాటింది.

రెండో ముక్క ఆదోనిలో.
సుంకప్ప సార్ తన ఒంటి కొలతకు చెక్కించుకున్నది,
అక్రోటు కట్టె, పాకం ముదిరిన బెల్లం రంగు,
ఎనభై అయిదు వేలు.
"కంటికి పొరొచ్చిందమ్మా,
చుక్క నాకిప్పుడు రెండుగా కనపడతాది."

ఆయన పెరట్లోనే అయిదు కాల్చాను.
ట్రిగ్గరు, అబ్బ,
నేను నొక్కలేదు, అదే ఊపిరి వదిలింది.
నాలుగూ ఒకే కంతలో.
అయిదోది పక్కకు పోయింది,
నా మెడ అక్కడ ఆయన మెడను వెతుక్కుంటూంటే.
ఆయనవి నిండు బుగ్గలు.
నాది మా నాయన దవడ, ఉత్త ఎముక.
పిడి మీద ఆయన బొటనవేలి గుంతలో
నా వేలు అద్దె ఇంట్లోలా ముడుచుకుంది.

"దీంట్లో మీ చెంప ఉంది సార్" అన్నాను.
ఆయన నవ్వి
పలక అంచున పాలిషు గోరుతో లేపాడు.
అడుగున బూడిదరంగు లప్పం.
దాని కింద పచ్చ రంగు.
ఇంకా కింద, ఎండి బీటలిచ్చిన మరో లప్పం.
"నేను కొనేనాటికే ఇద్దరి చెంపలుండె దీంట్లో.
మొదటాయన ఎవరో నాకూ తెలీదు.
నాదీ నాదీ అంటా గానీ
నేను గీకించింది పిడికెడు పొట్టు.
షెడ్డులో పని చేసేదానివి,
ఆకురాయి పట్టేది నీకు నేను నేర్పాల్నా?"

ముప్పై వేలు చేతిలో పెట్టాను.
మిగతాది నెలకు అయిదు, పదకొండు నెలలు.

ప్యాసింజరులో, ఆస్పరి దాటినాక,
ఎదుటి అవ్వ నా పొడుగు పెట్టెను చూసింది.
"ఏందమ్మే అది?"
తుపాకీ అంటే ఈ పక్క తలుపులేసుకుంటారు.
"తంబూర" అన్నాను.
"ఐతే ఒక తత్వం పాడు, గుంతకల్లు దాకా పొద్దు పోతాది."
"ఇంకా శ్రుతి కుదరలేదవ్వా" అన్నాను.
అందులో అబద్ధం సగమే.

దస్తగిరి రెండు రోజులు మాట్లాడలేదు.
మూడో రోజు తానే వచ్చి
నా చెంపకూ పలకకూ నడుమ వేలు దూర్చి చూశాడు.
"సందుండాది" అన్నాడు, గెలిచినవాడిలా.
కిటికీ టేకులోంచి అంగుళం బద్ద కోసి
చిత్రిక పట్టి అతికించాడు.
కూలి అడిగితే
"నీ ఇష్టమక్కా."

ఇప్పుడది నలుగురి చెంప,
ఒక రైలు కిటికీ.
నిన్న పదిలో ఏడు చుక్కను తాకాయి.
ఎడమ పక్క
ఇంకో నూలు తీయాలి.