గవ్వలయ్య మేడ

టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస బాచిగాడి చేతిలో.
వీధి వైపు ముప్పై నాలుగడుగులు,
ఏటి వైపు ముప్పై మూడున్నర.
యానాంలో పాత గోడ ఏదీ కొలతకి లొంగదు.
గోదారి పక్కన ఎక్కువకాలం నిలబడ్డదేదైనా
కాస్త ఒరిగి వింటూ ఉంటుంది.

కలప లెక్క తేల్చమన్నాడు కొన్నాయన.
మెట్లెక్కి తలెత్తితే
అది కప్పు కాదు, బోర్లించిన పడవ.
పక్కటెముకలు, వెన్నుకర్ర,
సందుల్లో నార, గుగ్గిలం.
తాళ్లరేవు పడవల వడ్రంగులు కట్టారు మరి.
వాళ్లకి ఇల్లు కట్టడం రాదు,
కట్టించినాయనకి పడవ లేందే నిద్ర రాదు.

ఫాదరు గ్వెనోలే.
మన నోళ్లలో నాని గవ్వలయ్య అయ్యాడు.
మాది ఫ్రాన్సు కాదు, బ్రెతాన్యు అని
అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడట,
మనం ఆంధ్రా కాదు, యానాం అన్నట్టే.

కింది గదిలో జల్లెడ కిటికీ ఉంది.
వీధరుగు మీద చేపలబుట్ట దించి
మోకాళ్ల మీద కూర్చుని
దాంట్లోంచే తప్పులు చెప్పుకున్నారు.
తర్వాత పదహారేళ్లు
బ్రాందీ షాపువాడు దాంట్లోంచే చిల్లరిచ్చాడు.
ఇవతల నిలబడ్డవాళ్లు
అప్పుడూ గొంతు తగ్గించే అడిగేవారు.

ద్వారబంధం మీద వరద గీతలు.
నాలుగు ఫాదరువి, ఉలితో, తిన్నగా.
యాభై మూడుది ఎవరిదో వేరే చెయ్యి.
ఎనభై ఆరుది నా ఛాతీ ఎత్తున,
మేకుతో, వంకరగా.
తాగి ఉన్నాడేమో, నీళ్లే కదిలాయేమో.

మా అమ్మమ్మ ఆగ్నేసమ్మ
ఇక్కడే వండిపెట్టేది.
పాటు వెళ్లి పోటు మొదలయ్యే వేళ
ఏటివైపు కుర్చీ లాక్కుని
"టి" అనేవాడట, ఒక్క అక్షరం.
ఆవిడ టీ కాచి తెచ్చేది.
ఆవిడ కేసి చూసి, గ్లాసు కేసి చూసి
తాగేవాడు.
పదకొండేళ్లు.

ఆయన్ని పూడ్చిన మరుసటేడు
ఆ దేశంనుంచే వచ్చిన కుర్ర ఫాదరు చెప్పాడు:
వాళ్ల భాషలో టి అంటే ఇల్లు.

అమ్మమ్మ ఈ సంగతి చెప్పి నవ్వేది కాదు.
"వద్దన్లేదురా ఒక్కనాడూ.
పంచదార చాల్లేదని మాత్రం
రెండుసార్లు అన్నాడు" అనేది,
ఆ రెండుసార్లూ ఇంకా గుచ్చుకుంటున్నట్టు.

నూట పన్నెండు ఘనపుటడుగుల టేకు.
కాయితం మీద వేశాను,
ద్వారబంధం కలపకుండా.
ఎందుకు కలపలేదో బాచిగాడు అడగలేదు.
వెన్నుకర్ర కొయ్యాలా, విప్పాలా అని అడిగాడు.

కింద మెట్టు దాకా వచ్చింది పోటు.
కొన్నాయన ఫోను జేబులో మోగుతోంది.

ముందు టీ పట్రారా, అన్నాను.